జాలీకి కొబ్బరినూనె

మా తాతయ్య బంగారయ్యకు తన కుడిచేతి వేళ్ల మీద ఉన్నంత నమ్మకం మా ఇంట్లో ఏ మనిషి మీదా ఉండేది కాదు. నా మీద అసలే ఉండేది కాదు. పదో తరగతి లెక్కల్లో పదిహేడు మార్కులు తెచ్చుకుని, మళ్లీ రాసి ఇరవై రెండు తెచ్చుకుని, ఇక చాల్లెమ్మని ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి అందులో ఆయన తప్పేమీ లేదు.

అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర ఆయనకు కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ముందు షెడ్డు, వెనక మా ఇల్లు. కారు వచ్చి ఆగగానే తాతయ్య బానెట్టు ఎత్తించి, ఇంజను వేయించి, ఏసీ పెట్టించి కళ్లు మూసుకునేవాడు. ఏసీలో ముఖ్యంగా చూడవలసిన గొట్టాలు రెండు. కారు లోపలి నుంచి కంప్రెసరుకు తిరిగొచ్చే గొట్టం లావుగా, చల్లగా ఉంటుంది. కంప్రెసరు గ్యాసును నొక్కి బయటికి పంపే గొట్టం దానికన్నా సన్నగా, వేడిగా ఉంటుంది. చల్లటిది ఎంత చల్లగా ఉంది, వేడిది ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టి లోపల గ్యాసు ఒత్తిడి ఎలా ఉందో పోల్చుకోవచ్చు. తాతయ్య ఆ రెంటినీ రెండేసి వేళ్లతో పట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా పెదవులు కదిపేవాడు. ఆ తర్వాత తీర్పు వచ్చేది. "గ్యాసు తగ్గిందండి." లేదంటే, "ఎక్కడో అడ్డం పడిందండి." లేదంటే, "కంప్రెసరు అలిసిపోయిందండి పాపం." ఆ తీర్పు తప్పిందని ఎవరూ వెనక్కి వచ్చేవారు కాదు. రాజోలు నుంచి కూడా కార్లు వచ్చేవి.

ఈ విద్య ఆయనకు అల్లవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో అబ్బింది. అక్కడ ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా చేశాడు. సముద్రం మీది ఉప్పుగాలికి అక్కడి ఒత్తిడి మీటర్ల ముళ్లు ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి, ఉన్నచోటే నిలబడిపోయేవట. మిషను ఆడుతున్నా అదే అంకె, ఆగినా అదే అంకె. దాంతో మీటర్లన్నీ అబద్ధాలకోర్లని ఆయనకు స్థిరపడిపోయింది. గొట్టాలు తుప్పు పట్టకుండా ప్రతి శుక్రవారం వాటికి కొబ్బరినూనె పూసేవాడు. పక్క ఫ్యాక్టరీలో మూడేళ్లకోసారి మార్చే గొట్టాలు తాతయ్య చేతికింద పదకొండేళ్లు నడిచాయి. ఆ పదకొండేళ్ల కథ నేను పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

తొంభై నాలుగులో సొంత షెడ్డు పెట్టినప్పుడు ఆ కొబ్బరినూనె కూడా వెంట తెచ్చుకున్నాడు. కారు ముందు భాగంలో, రేడియేటరుకు ముందు, సన్నటి రేకులు దువ్వెన పళ్లలా ఉండే కండెన్సరు ఒకటి ఉంటుంది. వేడెక్కిన గ్యాసు దానిలోంచి వెళ్తూ, ఎదురుగాలికి చల్లబడుతుంది. తాతయ్య దాన్ని జాలీ అనేవాడు. పని పూర్తయ్యాక ప్రతి కారు జాలీకీ చిన్న కుంచెతో కొబ్బరినూనె పట్టించేవాడు. చంటిపిల్లకు నూనె రాసే తల్లి కూడా అంత ఓపిగ్గా రాయదు. మా కొబ్బరితోనే గానుగ ఆడించిన నూనె. జాలీ నిగనిగలాడిపోయేది. "బంగారయ్య గారి చెయ్యి పడ్డ కారండి ఇది" అని ఓనర్లు మురిసిపోయేవారు.

"తాతయ్యా, నా జడకు లేని నూనె ఈ అంబాసిడర్లకు పోస్తున్నావు" అనేదాన్ని.

"నీ జడకి తుప్పు పట్టదు. ఇవతలికి జరుగు" అనేవాడు.

కొత్త రకం గ్యాసు వచ్చినప్పుడు అది అమ్మేవాళ్లు బలవంతం చేస్తే ఒత్తిడి కొలిచే గేజీలు కూడా కొన్నాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నీలంది చల్ల గొట్టానికి, ఎర్రది వేడి గొట్టానికి. కొన్న రోజునే మేకుకు తగిలించాడు. ఏటా విజయదశమికి బొట్టు పెట్టించుకోవడమే వాటి ఉద్యోగం. అయిదారేళ్ల గంధం, కుంకుమ పేరుకుపోయి, అద్దాల మీద అంకెలే కనపడేవి కాదు.

రెండు వేల ఒకటిలో తాతయ్యకు సుగరు వచ్చింది. కాఫీలో పంచదార మానేశాడు గానీ, ఎవరూ చూడకపోతే బెల్లం ముక్క మానలేదు. కొన్నాళ్లకు ఒక చిత్రం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక కాలి చెప్పు వెనక ఉండిపోయేది. ఆయన ఒంటి చెప్పుతో సగం వీధి వెళ్లిపోయేవాడు.

"తాతయ్యా, నీ చెప్పు నిన్నొదిలేసి వెళ్లిపోయింది" అని అరిచేదాన్ని.

ఆయన తిరిగి చూసుకుని, "వదులుగా ఉందే" అనేవాడు. నేను పకపకా నవ్వేదాన్ని. కాలికి తెలియనిది చేతికి మాత్రం ఎలా తెలుస్తోందని నాకప్పుడు తట్టలేదు. పదిహేడు మార్కుల బుర్ర.

రెండు వేల మూడు మే నెలలో భవానీదేవి టీచరుగారి కారు మా షెడ్డుకు వచ్చింది. కారు ఆవిడది కాదు, త్రిమూర్తులు అనే డ్రైవరుది. తెల్ల అంబాసిడరు టాక్సీ. టీచరుగారు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పి, ఫలితం చూసి, రిటైరైన మనిషి. రిటైరైన రెండేళ్లకు ఆవిడ రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. మంగళవారం, శుక్రవారం రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆవిడ వంతు మధ్యాహ్నం రెండింటికి. పదకొండున్నరకే బయల్దేరాలి. బయట నిప్పులు చెరిగే ఎండ. అమలాపురానికి రైలు లేదు. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఉన్న ఏసీ టాక్సీలన్నీ ముహూర్తాలకు కుదిరిపోయాయి.

ఎండ కన్నా ఆవిడకు పెద్ద బాధ దాహం. ఆ జబ్బులో నీళ్లు తాగకూడదు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు. డాక్టరు రోజుకు అరలీటరు దాటవద్దన్నాడు. ఆవిడ సీసా మూతతో కొలుచుకుని తాగేది. ప్రయాణానికి పన్నెండు మూతలని లెక్క పెట్టుకుంది. కారులో చల్లగా ఉంటే ఆ పన్నెండూ రాజమండ్రి దాకా సరిపోయేవి. చల్లగా లేకపోతే నాలుక అట్టకట్టుకుపోయేది.

మొదటిసారి త్రిమూర్తులు వచ్చి, "బాబాయి గారండి, కొత్తపేట దాకా మంచులా వస్తందండి. రావులపాలెం చేరేసరికి ఉత్త గాలేనండి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ బాగానే ఉంటందండి. దీనికేం రోగమో తెలీట్లేదు" అన్నాడు.

తాతయ్య కళ్లు మూసుకుని వేళ్లు పెట్టాడు. "వేడి గొట్టంలో వేడి చాల్లేదు. గ్యాసు తగ్గిందయ్యా" అన్నాడు. గ్యాసు ఎక్కించాడు. జాలీకి నూనె పూశాడు.

శుక్రవారం ఏసీ రావులపాలెం దాకా కూడా పోలేదు. కొత్తపేట దాటగానే ఆగిపోయింది. శనివారం తాతయ్య మళ్లీ వేళ్లు పెట్టాడు, మళ్లీ గ్యాసు ఎక్కించాడు. సోమవారం నాడు త్రిమూర్తులు ఎండలో ఊరి చివరిదాకా తిప్పి చూసుకుని వచ్చి, నమ్మకం కుదరడం లేదన్నాడు. తాతయ్య మూడోసారి ఎక్కించాడు.

అప్పుడు నేను ఊరుకోలేక, "తాతయ్యా, నువ్వు ఎక్కించేకొద్దీ ఏసీ మనింటికి ఇంకా దగ్గర్లో ఆగుతోంది. మొదట రావులపాలెం, తర్వాత కొత్తపేట. ఇంకోసారి ఎక్కిస్తే షెడ్డు దాటదేమో" అన్నాను.

"ఇరవై రెండేళ్లు గ్యాసుతో కాపరం చేసినవాడికి పదిహేడు మార్కుల పిల్ల చెబుతోందండీ" అని త్రిమూర్తులుతో నవ్వాడు.

"మళ్లీ రాస్తే ఇరవై రెండు వచ్చాయి" అన్నాను నేను.

మంగళవారం పన్నెండు గంటలకు ఆ కారు రాజమండ్రి దారిలో ఉండాలి. పన్నెండున్నరకు మా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. వెనక సీట్లో టీచరుగారు తల మీద తడి తువ్వాలు కప్పుకుని ఒరిగి ఉంది. పెదవులు చిట్లిపోయాయి. ఒళ్లో సీసా ఖాళీగా ఉంది. పన్నెండు మూతలూ కొత్తపేటకు ఇవతలి పలివెల దాటకుండానే అయిపోయాయట. కారు వెనక్కి తిప్పమని ఆవిడే అన్నదట.

తాతయ్య పరుగున వెళ్లి తలుపు తీశాడు. "టీచరు గారండి..."

"ఇంక చాలు బంగారయ్యగారూ" అన్నది ఆవిడ. గొంతు పొడిగా గరగరలాడుతోంది. "నేనింక వెళ్లను. అక్కడికి వెళ్తే బతుకుతానని చెప్తున్నారు. వెళ్లే దారిలోనే ప్రాణం పోయేలా ఉంది. ఇంట్లో ఫ్యాను కింద పడుకుంటాను."

త్రిమూర్తులు తాతయ్యను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "ఒకసారి మానితేనే ఆయాసం వస్తదంట బాబాయి గారండి. రెండు సార్లు మానితే నీరు ఊపిరితిత్తులకి ఎక్కుతదని డాక్టరుగారు ముందే చెప్పేరు. ఆసుపత్రికి ఫోను చేసేనండి. రేపు రెండింటికి ఒక వంతు ఖాళీ ఉందన్నారు. అది దాటితే శుక్రవారమేనండి. అప్పటిదాకా ఈవిడ..." అని ఆగిపోయాడు. "ఎంత బతిమాలినా రానంటన్నారు."

తాతయ్య కారు ముందుకు వెళ్లాడు. బానెట్టు ఎత్తాడు. ఇంజను నడుస్తూనే ఉంది. నేను లోపల్నుంచి తడిగుడ్డ తెచ్చి టీచరుగారి మెడకు అద్దుతున్నాను. ఆవిడ కళ్లు మూసుకునే అన్నది: "ఒక్క మాట బంగారయ్యగారూ. పోయిన శుక్రవారం రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర పెద్ద జల్లు పడింది. ఆ పది నిమిషాలూ చల్లగా వచ్చింది. వాన ఆగింది, చల్లదనమూ ఆగింది. ఎందుకో మీరు చెప్పాలి."

తాతయ్య వినిపించుకున్నట్టు లేదు. వేడి గొట్టాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, "గోరువెచ్చగా ఉంది. వేడెక్కట్లేదు. ఇంకొంచెం గ్యాసు..." అంటున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "గ్యాసు, గ్యాసు! ఏదీ, ఎంత గోరువెచ్చగా ఉందో నేనూ చూస్తాను" అని వెళ్లి అదే గొట్టం మీద వేలు పెట్టాను.

"అమ్మో!" అని కెవ్వుమన్నాను. పొయ్యి మీది పెనం అంటుకున్నట్టు కాలింది. వేలు నోట్లో పెట్టుకుని చూస్తే, తాతయ్య ఇంకా ఆ గొట్టాన్ని పట్టుకునే ఉన్నాడు.

"తాతయ్యా, వదులు! వదిలెయ్!"

ఆయన చెయ్యి లాగి వెలుతురులోకి తిప్పాను. చూపుడు వేలి మీద, మధ్య వేలి మీద బొబ్బలు. కొన్ని అప్పటివి. కొన్ని మూడు రోజుల కిందటివి, పగిలి ఎండిపోయాయి. ఆయనకు తెలియనే తెలియదు. తన వేళ్లను తాను ఎవరివో చూసినట్టు చూసుకున్నాడు. బొటనవేలితో ఒక బొబ్బను నొక్కాడు. మళ్లీ నొక్కాడు. త్రిమూర్తులు తల తిప్పుకుని రోడ్డు వంక చూశాడు.

వెనక సీట్లోంచి టీచరుగారు అన్నీ చూస్తూనే ఉంది. "దుర్గా" అని నన్ను పిలిచింది. "ఆ మేకుకున్నవి గేజీలే కదూ? తీసుకురా."

"అవి నిజం చెప్పవండి" అన్నాడు తాతయ్య. గొంతులో మునుపటి ఊపు లేదు.

"చెప్పకపోతే నేను పట్టుకుంటాను. ముప్ఫై ఏళ్లు ఇలాంటివాళ్లతోనే వేగాను" అని ఆవిడ నా వంక చూసింది.

నా ఓణీ చెంగుతో అద్దాల మీది గంధం, కుంకుమ తుడిచాను. ఇంజను ఆపించి తాతయ్యే వాటి గొట్టాలు కారుకు బిగించాడు. కాసేపు ఆగాక చూస్తే రెండు ముళ్లూ నూట ముప్ఫై దగ్గర ఒకేలా నిలబడ్డాయి. "ఆగినప్పుడు రెండు పక్కలా సమానంగా ఉంటది. అంతవరకూ నిజమే చెబుతున్నాయి" అని తాతయ్య గొణిగాడు. త్రిమూర్తులు ఇంజను వేశాడు.

"ఇప్పుడు ఎంత?" అన్నాడు తాతయ్య. ఆయనకు ఆ సన్న గీతలు కనపడవు. నాకు కనపడతాయి గానీ అర్థం కావు.

"పెద్ద గీతకీ పెద్ద గీతకీ మధ్య తేడా ఎంత?" అని టీచరుగారు లోపల్నుంచి అడిగింది.

"యాభై అండి."

"మధ్యలో గళ్లు ఎన్ని?"

"అయిదండి."

"అయితే ఒక్కో గడికి?"

లెక్కల క్లాసులో నిలబడ్డట్టు నాకు చెమటలు పట్టాయి. "పది అండి!"

"చదువు."

"ఎర్రది రెండొందల యాభై... మూడొందలు... మూడొందల నలభై... ఇంకా పెరుగుతోంది తాతయ్యా... మూడొందల ఎనభై... మూడొందల తొంభై..." టక్కుమని చప్పుడైంది. కంప్రెసరు తనంతట తనే ఆగిపోయింది. ఎర్రముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"ఎంత ఉండాలి?" అని అడిగాను.

"ఈ ఎండలో రెండొందల యాభై దాటకూడదు. నీలంది ఎంత చూపించింది?"

"డెబ్భై."

"నలభై ఉండాలి." తాతయ్య పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. "గ్యాసు తగ్గితే రెండూ తక్కువ చూపించాలి. రెండూ ఎక్కువే ఉన్నాయి. ఒత్తిడి హద్దు దాటితే కంప్రెసరు పగిలిపోకుండా లోపల స్విచ్చి ఆపేస్తంది. ఆ హద్దు దగ్గరికి నేనే మూడుసార్లు తోశాను." తల ఎత్తి, "టీచరు గారండి, ఆ వాన మాట ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

ఆవిడ చెప్పింది. తాతయ్య లేచి, నన్ను బకెట్టుతో నీళ్లు తెమ్మన్నాడు. కారు ముందు నిలబడి జాలీ మీద చెంబుతో ధారగా పోయించాడు. కంప్రెసరు మళ్లీ అందుకుంది. ఎర్రముల్లు జారిపోయింది. మూడొందల అరవై, మూడొందల ఇరవై, రెండొందల ఎనభై. కారులోంచి టీచరుగారు, "చల్లగా వస్తోంది" అన్నది. నీళ్లు అయిపోయాయి. ముల్లు మళ్లీ మెట్లెక్కినట్టు ఎక్కింది.

"వేడి బయటికి పోవట్లేదు. జాలీకి గాలి ఆడట్లేదు" అని తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాడు. ఎప్పుడూ పైనుంచి చూసే జాలీ. ఎప్పుడు చూసినా నూనెతో మెరుస్తూ ఉండే జాలీ. నా జడపిన్ను అడిగి తీసుకుని రేకుల మధ్య గుచ్చి లాగాడు. నల్లటి పేలిక లాంటిదేదో ఊడి వచ్చింది. దుమ్ము, ఊక, చిన్న పురుగుల రెక్కలు, అన్నీ కలిసి గొంగళి ముక్కలా అట్టకట్టి ఉన్నాయి. రెండో పంట దాళ్వా కోతలై కొత్తపేట రోడ్డు పొడుగునా ధాన్యం ఎండబెట్టుకున్న రోజులవి. ఆ రోడ్డు మీద లేచే ఊకంతా వచ్చి ఇక్కడ అంటుకుంది. అంటుకోవడానికి జిగురు కావాలి కదా.

తాతయ్య ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ వాసన తగిలింది. పాత కొబ్బరినూనె వాసన.

"ఐసు ఫ్యాక్టరీలో గొట్టాల మీద రాత్రీ పగలూ నీళ్లు కారుతూ ఉండేవే. అక్కడ దుమ్ము నిలవడానికి చోటెక్కడిది?" అన్నాడు నాతో. ఆ తర్వాత నాతో కూడా కాదు, ఆ ముక్కతో అన్నట్టు, "ఈ నూనె పూసిన చెయ్యి నాదే" అన్నాడు.

టీచరుగారిని ఇంటికి పంపేటప్పుడు తాతయ్య కారు పక్కన నడుస్తూ వెళ్లి చెప్పాడు. "తప్పు నాదండి. కారుది కాదు. రేపు మధ్యాహ్నానికి సరిచేస్తానండి. ఒక్కసారి రండి."

ఆవిడ తల మీది తువ్వాలు తీసి గేజీల వంక చూసింది. "దుర్గ వస్తే వస్తాను. ఆ ముల్లు చదవడానికి" అన్నది. జీవితంలో లెక్కల కోసం నన్నెవరైనా పిలవడం అదే మొదలు.

సబ్బుతో ఆ జిడ్డు వదల్లేదు. మా అమ్మ వచ్చి చూసి, "నూనె పెట్టినవాళ్లు తలంటు పొయ్యకుండా వదిలేస్తారా ఎక్కడైనా?" అని కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్లలో నానబెట్టింది. ఆ రసం పోసి మెత్తటి కుంచెతో రుద్దితే జాలీలోంచి నల్లటి నురగ కారింది. మొదట తాతయ్యే రుద్దబోయాడు. సన్నటి రేకులు వేళ్ల కింద వంగిపోతున్నా ఆయనకు తెలియడం లేదు. ఒక వరసంతా పడుకుంది. "ఇటివ్వు" అని కుంచె లాక్కున్నాను. ఈసారి ఆయన కసరలేదు, ఇచ్చేశాడు. పడుకున్న రేకుల్ని నా పేలదువ్వెనతో ఒక్కొక్కటే లేపాను.

"నా కారుకి పేలు కూడా చూస్తన్నారేటండి" అన్నాడు త్రిమూర్తులు. ఆ మధ్యాహ్నం నుంచీ ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. తాతయ్య మాత్రం నవ్వలేదు.

కడిగాక ఎర్రముల్లు మూడొందలకు దిగింది. "మిగతాది నేను ఎక్కించిన గ్యాసే. నేనే దించాలి" అని తాతయ్య కొంచెం కొంచెంగా వదిలాడు. ప్రతి వదులుకూ "ఎంత?" అనేవాడు. నేను చదివేదాన్ని. చివరకు ఎర్రది రెండొందల ఇరవై, నీలంది ముప్ఫై అయిదు. "ఇది సాయంత్రం లెక్క. రేపు ఎండలో తేలాలి" అన్నాడు. అన్నం సగంలో లేచిపోయాడు.

బుధవారం పదకొండున్నరకు బయల్దేరాం. ముందు తాతయ్య, ఆయన ఒళ్లో సంచిలో గేజీలు. వెనక టీచరుగారు, నేను. డిక్కీలో రెండు నీళ్ల డబ్బాలు. పలివెల దాటింది, చల్లగానే ఉంది. కొత్తపేట రోడ్డు మీద ఊక ఎగిరింది, చల్లగానే ఉంది. తాతయ్య గాలి వచ్చే కన్నం దగ్గర చెయ్యి పెట్టేవాడు, తీసేసేవాడు, వెనక్కి తిరిగి నా మొహం చూసేవాడు. ఆ చేతికి ఏమీ తెలియదని అప్పుడే గుర్తొస్తున్నట్టుంది. నేను తల ఊపేదాన్ని. రావులపాలెం చేరేసరికి టీచరుగారు నాలుగు మూతలు తాగింది.

గోదావరి వంతెన సగానికి చేరామో లేదో ముందు ఒక లారీ ఆగిపోయింది. దాని వెనక వరసగా బళ్లు. కారు కదలకపోతే జాలీకి ఎదురుగాలి ఉండదు. పైన ఎండ, కింద ఇసుక తిన్నెల మీంచి సెగ. పది నిమిషాలకు గాలిలో చల్లదనం పలచబడింది. టీచరుగారు అయిదో మూత, వెంటనే ఆరో మూత, ఏడో మూత తాగింది. నా చెయ్యి పట్టుకుంది.

తాతయ్య దిగాడు. "ఇంజను ఆపకు త్రిమూర్తులూ. అమ్మడూ, దిగు." వంతెన మీదే బానెట్టు ఎత్తి గేజీలు తగిలించాడు.

"మూడొందల ముప్ఫై. పెరుగుతోంది తాతయ్యా. మూడొందల యాభై."

ఆయన నీళ్ల డబ్బా ఎత్తి జాలీ మీద సన్నగా పోయడం మొదలుపెట్టాడు. పక్క బస్సులోంచి ఎవరో, "పెద్దాయనా, కారుకి స్నానమా?" అని అరిచారు. ఇంకెవరో నవ్వారు. తాతయ్య తల ఎత్తలేదు. "ఎంత?" అన్నాడు. "మూడొందల ఇరవై." "ఎంత?" "మూడొందలు." ఒక డబ్బా అయిపోయింది. రెండోది సగం అయిపోయింది. అది కూడా అయిపోతే ఏం చేస్తాడో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కింద అంత గోదావరి ఉంది, చెయ్యి అందదు. రెండో డబ్బా అడుగున చెంబెడు నీళ్లు ఉండగా ముందు లారీ కదిలింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర టీచరుగారు దిగి, సీసా ఎండకు ఎత్తి చూసి, "రెండు మూతలు మిగిలాయి బంగారయ్యగారూ" అన్నది. తాతయ్య "ఆయ్" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆవిడ అదే కారులో వెళ్లి వచ్చింది. పదిహేను రోజులకోసారి నేను జాలీ కడిగేదాన్ని, ముల్లు చదివేదాన్ని. ఒక కార్తీకమాసంలో ఆవిడ పోయింది. ఆసుపత్రి మంచం మీదే పోయింది, దారిలో కాదు. తాతయ్య ఆ మాట రెండు మూడు సార్లు అన్నాడు, "దారిలో కాదు" అని.

వంతెన దాటిన ఆ మే నెలలోనే తాతయ్య ఇంకో పని పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో తాను నూనె పూసిన కార్లన్నీ గుర్తు తెచ్చుకుని, కుంకుడుకాయల సంచీనీ, కుంచెనీ, నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కేవాడు. "జాలీ కడుగుతామండి. నేను పూసిన నూనె తప్పండి" అని గుమ్మం దగ్గరే చెప్పేవాడు. అల్లవరంలో మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. మురమళ్ళలో ఒకాయన, "నూనె వల్ల ఎంత మెరిసేదో, కడక్కండి" అని బతిమాలాడు. ఆత్రేయపురంలో వీరవెంకటసత్యనారాయణ అనే ఆసామి మాత్రం, ఆయన పేరు పలకడానికే నాకొక గుక్క పట్టింది, విన్నంతసేపూ విని, లేచి నిలబడ్డాడు.

"పోయినేడు నా కారు కంప్రెసరు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. నా డ్రైవరు నిర్లక్ష్యమని వాణ్ని తిట్టి పంపేశాను. అది మీ నూనె వల్లేనంటారా?"

తాతయ్య కాదనవచ్చు. వేరే కారణాలు పది చెప్పవచ్చు. ఆ కారును ఆ రోజు ఆయన చూడలేదు కూడా.

"అయ్యుండొచ్చండి. చాలావరకు నా వల్లేనండి. ఆ డ్రైవరుకి నేనే చెప్పుకుంటాను, ఊరు చెప్పండి" అన్నాడు.

ఆ ఆసామి ఊరు చెప్పలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తలుపేసుకున్నాడు.

బస్టాపు దాకా తాతయ్య ముందు, నేను వెనక. ఎండ నెత్తిన పడుతోంది. ఆయన ఎడమకాలి చెప్పు దారి మధ్యలో ఉండిపోయింది. ఒంటి చెప్పుతో, కుంకుడుకాయల సంచీ ఊపుకుంటూ పోతున్నాడు. నేల ఎంత కాలుతోందో నా చెప్పుల్లోంచి నాకే తెలుస్తోంది. నేను చెప్పు తీసుకుని పరుగెత్తి వెళ్లి, ఏమీ అనకుండా ఆయన కాలి దగ్గర పెట్టాను. వంగి, పాదం కింద కాలిందేమోనని తడిమి చూశాను.

ఆయన కిందికి చూశాడు. నేనేమైనా అంటానని కాసేపు ఆగాడు. నేను అనలేదు. చివరకు ఆయనే అన్నాడు:

"ఏమే, నా చెప్పు నన్నొదిలేసి వెళ్లిపోయిందా?"